చవక మైక్‌కు సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడు పట్టాలి?

మల్కాజిగిరిలో ఉండే మా వదిన పిల్లల కథలు చదివి రికార్డు చేస్తుంది. బీరువా తలుపులు తెరిచి, బట్టల ముందు మైక్ పెట్టుకుని, ఫ్యాన్ ఆపేసి చదువుతుంది. ఆమెది నాలుగైదు వేల రూపాయల కండెన్సర్ మైక్. మొన్న జులైలో ఫోన్ చేసి, "వాన పడితే చాలు, దీన్లో పకోడీలు వేగుతున్నట్టు చప్పుడొస్తోంది. కొత్తది కొనాలా?" అంది. ఆగమని చెప్పి, వెళ్లి స్క్రూలు విప్పాను.

కండెన్సర్ మైక్‌కు గుండెకాయ కాప్స్యూల్. అందులో కొన్ని మైక్రాన్ల మందమున్న పొర, దాని వెనక లోహపు పలక ఉంటాయి. గొంతుకు పొర కదిలితే రెంటి మధ్య కెపాసిటెన్స్, అంటే చార్జ్‌ను నిల్వ ఉంచే సామర్థ్యం, మారుతుంది. ఆ సిగ్నల్ చాలా బలహీనం. అందుకే దాన్ని అందుకునే చోట జెఫెట్ అనే ఒక చిన్న ట్రాన్సిస్టర్, దాని పక్కన సుమారు వంద కోట్ల ఓమ్‌ల రెసిస్టర్ పెడతారు. అలాంటి చోట సోల్డరింగ్‌లో వాడే ఫ్లక్స్ జిడ్డు మిగిలిపోయి తేమ పీల్చుకుంటే, ఆ జిడ్డు మీదుగా కరెంటు లీకవుతుంది. వదిన విన్న పకోడీల చప్పుడు అదే. రెసిస్టర్ కాళ్ల దగ్గర గోరంత మేర గోధుమరంగు జిడ్డు గడ్డకట్టి కనిపించింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో, కాప్స్యూల్‌కు చుక్క కూడా తగలకుండా రుద్దాం. ఒక పూట ఆరబెట్టి మళ్లీ బిగించాం. చప్పుడు పోయింది.

చవక మైక్‌లను మోడ్ చేయాలనుకునే, అంటే లోపలి భాగాలు మార్చి మెరుగుపరచాలనుకునే వాళ్లు హైదరాబాద్‌లో నాకు చాలామందే తెలుసు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే కెపాసిటర్లు, రెసిస్టర్లు చేతికందుతాయి. చేయొద్దని నేను అనను. కానీ ఒక నియమం పెట్టుకోవాలంటాను. ఈక్యూతో, అంటే రికార్డయ్యాక సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీక్వెన్సీలను పెంచి తగ్గించడంతో, పోయే లోపానికి సోల్డరింగ్ ఐరన్ పట్టొద్దు. ఈక్యూ సరిచేయలేని లోపాలు వేరే ఉన్నాయి: తేమ చప్పుడు, హమ్ (కరెంటు గుయ్‌మనే మోత), వదులుగా ఉండి మోగే జాలీ, తట్టితే గంటలా పలికే బాడీ. మైక్ విప్పాల్సింది వీటి కోసం.

చవక మైక్‌ల మీద అందరూ చేసే ఫిర్యాదు ఒకటే, 'స' పలికితే చెవిలో గుచ్చుకుంటుందని. దీనికి అసలు కారణం పాతది. జర్మనీకి చెందిన నాయ్‌మన్ 1960లో తెచ్చిన యూ-67 మైక్‌లోని కాప్స్యూల్‌కు ట్రెబుల్, అంటే పై ఫ్రీక్వెన్సీల పదును, సహజంగానే ఎక్కువ. ఆ కంపెనీ సర్క్యూట్‌లోనే ఆ ట్రెబుల్‌ను తగ్గించే ఏర్పాటు చేసింది. కాప్స్యూల్, సర్క్యూట్ ఒకదాని కోసం ఒకటి పుట్టాయన్నమాట. చవక మైక్‌లు చాలావాటిలో కాప్స్యూల్ మాత్రం దానికి నకలు, సర్క్యూట్ వేరే రకం. ట్రెబుల్ తగ్గించే భాగమే ఉండదు. కాబట్టి ఎక్కువైన ట్రెబుల్ ఎక్కువగానే బయటికొస్తుంది. కొన్ని పికోఫారడ్ల కెపాసిటర్‌ను సరైన చోట పెడితే ఇది తగ్గుతుంది, నిజమే. కానీ ఈక్యూలో పై ఫ్రీక్వెన్సీలను కాస్త దించినా దాదాపు అదే ఫలితం వస్తుంది, అదీ నచ్చకపోతే వెనక్కి తీసుకునే వీలుతో.

ఇక వెయ్యి, పదిహేను వందలకు రకరకాల పేర్లతో దొరికే బీఎం-800 తరహా మైక్‌లు. పైన పెద్ద జాలీ ఉన్నా, చాలావాటి లోపల ఉండేది నాణెం కంటే చిన్న ఎలెక్ట్రెట్ కాప్స్యూల్. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ కనిపెట్టిన పద్ధతి అది. చార్జ్‌ను పదార్థమే పట్టి ఉంచుకుంటుంది. దాని స్థానంలో పెద్ద కాప్స్యూల్ అతికిస్తే సరిపోదు, దానికి బయటి నుంచి వోల్టేజీ అందించాలి. అంటే సర్క్యూట్ అంతా మార్చాలి. అంత ఖర్చు పెట్టే బదులు వేరే మైక్ కొనుక్కోవడమే నయం.

మరి మార్పు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. అర డెసిబెల్ పెద్దగా వినిపించినదే మంచిదనిపిస్తుంది మన చెవికి. నిన్నటి రికార్డింగ్ ఎలా ఉందో మనసు కచ్చితంగా గుర్తుపెట్టుకోదు. అందుకే ఒకే రకం మైక్‌లు రెండు కావాలి, ఒకటి మార్చినది, ఒకటి మార్చనిది. రెంటినీ పక్కపక్కనే ఉంచి, జానెడు దూరం నుంచి ఒకేసారి చదవాలి. స్పీకర్‌లో టోన్ పెట్టి లెవెల్స్ సమానం చేయాలి. ఏది ఏ మైక్‌దో మనకు తెలియకుండా ఫైళ్ల పేర్లు ఇంకెవరైనా మార్చాలి.

చదివే మాటలు కూడా మనవై ఉండాలి. "చల్లారిన చారు చాలా చప్పగా ఉంది" అనే వాక్యం నాకు చాలా పనికొచ్చింది. 'చారు'లో మనం పలికే 'చ' పళ్ల దగ్గర పుడుతుంది, 'చీర'లోని 'చ' కంటే పదునుగా ఉంటుంది. ఇంగ్లిష్ టెస్ట్ వాక్యాలతో మైక్ ఎంచుకున్నవాళ్లు కథ చదవడం మొదలుపెట్టాక ఈ 'చ' దగ్గరే ఇబ్బంది పడతారు. జొన్న, జాజిపువ్వు అన్నప్పుడూ అంతే. వీటితో పరీక్షించకుండా తెలుగు గొంతుకు మైక్ సరిపోయిందని నేను ఒప్పుకోను.

గది సంగతి కూడా చెప్పాలి. టైల్స్ నేల, కాంక్రీటు గోడలున్న ఫ్లాట్‌లో ఏ మైక్ పెట్టినా డబ్బాలో మాట్లాడినట్టే ఉంటుంది. నాలుగు బొంతలు వేలాడదీస్తే వచ్చే తేడా ఏ కెపాసిటరూ తేలేదు.

వదిన దగ్గర ఇదంతా చేసి చూశాం. ఆమెది లాంటిదే నా దగ్గర ఇంకోటి ఉంటే దానికి చిన్న కెపాసిటర్ పెట్టాను. మూడు ఫైళ్లు: ఉన్నదున్నట్టు ఒకటి, ఈక్యూ చేసింది ఒకటి, కెపాసిటర్ పెట్టింది ఒకటి. వాళ్లబ్బాయి పేర్లు మార్చి వినిపించాడు. మొదటి దాన్ని వదిన వెంటనే పట్టేసింది, "ఇందులో చారు గుచ్చుతోంది" అంది. మిగతా రెండింటి మధ్య తేడా ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆమె మైక్ ఇప్పుడు తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసిన స్టీలు డబ్బాలో ఉంటోంది. దానికోసం తెచ్చిన కెపాసిటర్ల పొట్లం నేనింకా విప్పలేదు.