అట్టపెట్టె మీది 2000 గారికి

మహారాజశ్రీ 2000 గజాలు గారి దివ్యసముఖమునకు, శ్రీకాకుళం దగ్గర ఒక పల్లె నుంచి రిటైర్డ్ హవల్దారు నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మేం ఇక్కడ బాగానే ఉన్నాం. పక్కింటి గేదె ఒక్కటే తమరి మీద కాస్త కినుకగా ఉంది. ఆ సంగతి తర్వాత మనవి చేసుకుంటాను.

తమరికి నేను గుర్తుండకపోవచ్చు. సంక్రాంతికి టెక్సాస్ నుంచి దిగిన మా మేనల్లుడి సూట్‌కేసులో, రెండు చాక్లెట్ పొట్లాల మధ్య, లేజర్ రేంజ్‌ఫైండర్ అట్టపెట్టె ఎక్కి తమరు మా ఇంటికి దయచేశారు. వాడక్కడ సెలవురోజుల్లో వెయ్యి గజాల అవతల ఇనప పలకలు నిలబెట్టి రైఫిల్‌తో కొడుతుంటాడు. రైఫిలు అక్కడే ఉండిపోయింది, ఉండాల్సిందే. దూరం కొలిచే డబ్బా మాత్రం మోసుకొచ్చి, "మావా, ఆర్మీలో తుపాకులు పేల్చినోడివి. దీన్ని ఉంచుకోమంటావా, ఎల్లగానే తిరిగిచ్చీమంటావా?" అని నా చేతిలో పెట్టాడు. తిరిగిచ్చే గడువు ఇంకా ఉందట. ఇది రెండువేల గజాల దాకా దూరం కొలుస్తుందని చాటుతూ పెట్టె మీద తమరు బంగారు రంగులో వేలెడు ఎత్తున మెరిసిపోతున్నారు. తమరి పాదాల దగ్గర చీమతలకాయంత అక్షరాల్లో ఒక ముక్క ఉంది: కాంతిని బాగా తిప్పికొట్టే లక్ష్యాలకు మాత్రమే. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాను.

బాగా తిప్పికొట్టేవి ఏవయ్యా అంటే, రోడ్డు మలుపులో బోర్డు, లారీ వెనకాల రేడియం స్టిక్కరు. వాటిని కొట్టడానికి రైఫిల్ కొన్నవాణ్ని నేనింతవరకూ చూళ్లేదు.

మా రోజుల్లో తమరి వంటి పెద్దలతో పరిచయాలు లేవు. దూరం అంచనా క్లాసులో ఉస్తాదు చెప్పింది ఇదీ: ఫుట్‌బాల్ మైదానం వంద మీటర్లనుకో, అలాంటివి ఎన్ని పడతాయో కంటితో పరుచుకుంటూ పో. నాలుగొందలు దాటితే ఆ లెక్క తడబడుతుంది. అప్పుడు, ఎంత దగ్గరన్నా ఐదొందలకి తగ్గదు, ఎంత దూరమన్నా ఏడొందలు దాటదు అనుకుని మధ్యన ఆరొందలు పెట్టుకో. ఎండ వీపు మీదుంటే వస్తువు దగ్గరగా అనిపిస్తుంది, కంట్లో పడితే దూరంగా అనిపిస్తుంది, చెరువు మీదుగా చూస్తే మళ్లీ దగ్గరే. మూడొందల మీటర్ల పనికి ఇది చాలు. పది మీటర్లు తప్పుగా చెప్పినా తూటా నాలుగైదు సెంటీమీటర్లే జరుగుతుంది. కానీ మావాడి .308 రకం రైఫిల్ తూటా వెయ్యి గజాలకి చేరేసరికి బాగా వాలిపోతూ ఉంటుంది. అక్కడ పది మీటర్లు తప్పితే జానెడు తేడా. ఇరవై తప్పితే పలకకి దెబ్బే తగలదు. అంచేత యంత్రం కావాలి, కాదనను.

దాని పనీ ముచ్చటైనదే. మీట నొక్కితే కంటికి ఆనని కిరణం వెళ్లి, దేనికో తగిలి, తిరిగొస్తుంది. వెళ్లొచ్చిన కాలాన్ని బట్టి దూరం కడుతుంది. కిలోమీటరు వెళ్లి రావడానికి సెకనులో పదిలక్షల వంతులు ఏడైనా పట్టవు. మా ఊరి బస్సు శ్రీకాకుళం వెళ్లొచ్చిన కాలాన్ని బట్టి ఇలాగే లెక్క కడితే మేం ఒరిస్సాలో ఉన్నట్టు తేలుతుంది.

తమరిని పరీక్షించడానికి నాకు రైఫిల్ అక్కర్లేకపోయింది. మా పల్లె కుర్రాళ్లు ఆర్మీ ర్యాలీ కోసం తెల్లారగట్ల పదహారొందల మీటర్లు పరిగెడతారు. తారురోడ్డు మీద వందేసి మీటర్లకి సున్నం గీతలున్నాయి. నేనే దగ్గరుండి టేపు పట్టించాను గనక వాటిని నమ్ముతాను. పండగనాటి పొద్దున్నే మేనల్లుడూ నేనూ సున్నా గీత మీద నిలబడ్డాం. ఒకటే పొగమంచు. వాడు మీట నొక్కితే 14 అంది. మళ్లీ నొక్కితే 16.

"పద్నాలుగు గజాల్లో ఏటుందిరా?" అన్నాను.

"మంచు, మావా."

మంచుకి తగిలి వెనక్కొచ్చిన వెలుతుర్నే లక్ష్యం అనుకుందన్నమాట. ముందు తగిలిందాన్ని వదిలేసి, చివర తగిలిందేదో చెప్పమనే ఏర్పాటు ఒకటుంది. దాన్ని పెడితే అంకె బదులు మూడు అడ్డగీతలు చూపించింది. అంటే తెలీదని. ఆ డబ్బా మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది అప్పుడే. తమరి నోట ఎన్నడూ రాని మాట కదా అది.

అరసవల్లిలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణం గోపురం దాటి, మండపంలోంచి వచ్చి స్వామి పాదాల మీద పడుతుంది. మబ్బు పట్టిన రోజున పడదు. చూడ్డానికొచ్చినవాళ్లు ఉసూరుమంటూ వెళ్లిపోతారు గాని స్వామినేమీ అనరు, మబ్బు సంగతి అందరికీ తెలుసు. తమరి పెట్టె నాలుగు వైపులా తిప్పి చూశాను, మబ్బు మాట గాని మంచు మాట గాని లేదు.

పొద్దెక్కాక మళ్లీ వెళ్లి, నాలుగొందల గీత మీద ఒక కుర్రాణ్ని నిలబెట్టి కొలిస్తే 437 అంది. "ముప్పయ్యేడు ఎక్కువ సెప్తందిరా" అన్నాను. అది గజాల్లో ఉంది మావా అని వాడు నవ్వాడు. నవ్వే సంగతి కాదని గట్టిగానే చెప్పాను. డబ్బా గజాల్లో చెప్పింది విని రైఫిల్ మీది స్కోపు (గురిచూసే దుర్బిణీ) చక్రాన్ని మీటర్ల లెక్కలో తిప్పితే, ఆరొందల దగ్గరే యాభై మీటర్ల తప్పు. తూటా దాదాపు అరమీటరు మీదనుంచి పోతుంది. మీటర్లలోకి మార్చి కొలిస్తే 400, 401, 400. ఇక్కడ మాత్రం వంక పెట్టలేను.

వంకంతా తాటిచెట్టు దగ్గర బయటపడింది. గట్టు మీద ఒంటి తాడి, వెనకంతా ఖాళీ ఆకాశం, దూరం మూడొందల మీటర్లు. గురిగీతని సరిగ్గా మాను మీద పెడితే అడ్డగీతలు. కొంచెం ఎడమకి జరిపి, వట్టి ఆకాశం మీద పెట్టి నొక్కితే చెట్టు దూరం పలికింది! చూపొకచోట, మనసొకచోట. కిరణం గురిగీతకి కుడిపక్కగా పోతోందన్నమాట. ఈ సంగతి తెలియనివాడు వెయ్యి గజాల దగ్గర పలక మీద గురిపెట్టి, పక్కనున్న తుప్ప దూరం తెచ్చుకుని, తప్పంతా తుపాకీ మీదకి నెడతాడు. పైగా కిరణం సూదిలా పోదు, పోతూ పోతూ విచ్చుకుంటుంది. ఒక మిల్లీరేడియను (అతిచిన్న కోణం కొలత అది) విచ్చుకుంటే వెయ్యి మీటర్ల దగ్గర మీటరు వెడల్పు, రెండైతే రెండు మీటర్లు. పలక చూస్తే అరమీటరు. ఎంత విచ్చుకుంటుందో పెట్టె మీద రాస్తే కొనేవాడికి పనికొచ్చేది. ఆ చోటంతా తమరే ఆక్రమించారు.

ఇక గేదె సంగతి. పక్కింటావిడ గేదె చెరువులోంచి అప్పుడే లేచింది. ఒళ్లంతా తడి, బురద, నలుపు. దాని వెనకాల చాలా దూరాన ఉన్న రామమందిరం తెల్లగోడకి 1,120 గజాలని టక్కున చెప్పిన యంత్రం, గేదెని చూసి మూగబోయింది. ఏనుగంత జీవం కళ్లెదుట తోకాడిస్తుంటే లేదు పొమ్మంది. వెలుతురు మింగేసే ఒళ్లు కదా, తిరిగిచ్చేది చాలా తక్కువ. ఒక్కొక్క అడుగే దగ్గరకి నడిచాం. 640 గజాల దగ్గర గేదె ఉందని ఒప్పుకుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐదొందల చిల్లరకి దిగింది, పొద్దు వాలాక ఏడొందల దాకా ఎక్కింది. 2000 గారూ, తమరు అప్పుడెక్కడున్నారు?

ఇంతలో గేదె ఆసామి వచ్చింది. "నా గేది మీద ఏటేత్తన్నార్రా? దాని కళ్లు పోతే ఎవులిత్తారు?" అని. కంటికి హాని చెయ్యని మొదటి తరగతి లేజర్ అప్పా అని చెప్పాను. తరగతుల మాటెత్తితే ఆవిడకి ఇంకా కోపం వచ్చింది.

అరుగు మీద మా పెద్దమ్మ అడ్డపొగ (చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని) తాగుతూ ఇదంతా చూస్తోంది. ఆవిడ వదిలిన పొగ నిటారుగా లేచి, ఇంటి చూరు దాటగానే తూర్పుకి విరిగింది. మేనల్లుడికి అదే చూపించాను. గంటకి పదహారు కిలోమీటర్ల పక్కగాలి వీస్తే వాడి తూటా వెయ్యి గజాల దగ్గర రెండు మీటర్ల పైనే పక్కకి పోతుంది. దూరంలో పది మీటర్ల తప్పుకి జానెడు, గాలి తప్పుకి నిలువెత్తు. దానికి తమరి దగ్గర అంకె లేదు. పెద్దమ్మ చుట్టకి పెట్టె కూడా లేదు.

మావాడు తమరిని తిరిగిచ్చేస్తున్నాడు. బదులు తీసుకునే దాని పెట్టె మీద మూడు అంకెలు ఉన్నాయట: కాంతిని బాగా తిప్పికొట్టేదానికొకటి, చెట్టుకొకటి, జింకకొకటి. మూడోది తమరిలో సగం కూడా లేదు. పెద్ద అంకెని వదిలేసి ఆ మూడోదాన్నే చూసి కొనమన్నాను. కొన్నాక మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టి, గురిగీతా కిరణమూ ఒకచోటే పడుతున్నాయో లేదో చూడ్డానికి ముందు అక్కడ ఒంటి స్తంభం ఏదైనా వెతుక్కోమన్నాను. అక్కడివాళ్లకి జింక, మనకి గేదె. జింక వైపు ఇలాంటి డబ్బా ఎత్తితే మన దగ్గర అటవీశాఖవాళ్లు ముందు మనల్ని కొలుస్తారు.

నిన్న రాత్రి వాడు సర్దుకుంటుంటే, తిరిగిచ్చే పెట్టె పాడుచెయ్యకూడదంటున్నా వినకుండా, తమరి పక్కనే బాల్‌పెన్నుతో చిన్నగా రాశాను: గేదె 640, మంచు లేకుండా ఉంటే. పొద్దున్న పాలు పోయడానికొచ్చిన ఆసామి, నిన్నటికీ ఇవాళ్టికీ అరలీటరు తగ్గాయని, అది తమరి ఖాతాలో రాయమంది.

ఇట్లు,
మూడొందల మీటర్ల వరకూ కంటినే నమ్మే
తమ విధేయుడు