సవరణ: ప్రీమియం పెరుగుదలకు మోసం ఒక్కటే కారణం కాదు

‘బీమా ప్రీమియంలు పెరగడానికి దొంగ క్లెయిములే కారణం’ అని ఇంతకుముందు రాసిన వాక్యాన్ని ‘దొంగ క్లెయిములూ ఒక కారణం’ అని చదవండి. వైద్య ఖర్చులు, వాహనాల మరమ్మతు ధరలు, పునర్బీమా (బీమా కంపెనీలు తమ నష్టాలకు తీసుకునే బీమా) రేట్లు కూడా ప్రీమియాన్ని పెంచుతాయి.

అందరూ మరిచేది ఇంకొకటి ఉంది. తీవ్రంగా గాయపడినవారికి జీవితాంతం అయ్యే ఖర్చును ఒకేసారి చెల్లించేటప్పుడు, ఆ సొమ్ము మదుపుపై ముందుముందు వచ్చే రాబడిని అంచనా వేసి ఆ మేరకు మొత్తాన్ని తగ్గిస్తారు. ఆ అంచనా పడిపోతే, ఏ మోసమూ లేకుండానే పరిహారం, దాంతో ప్రీమియం పెరుగుతాయి. బాధితుడి వయసు ఎంత చిన్నదైతే తేడా అంత ఎక్కువ.

ఆధారాలు చాలక తిరస్కరించిన క్లెయిములను మోసాల్లో కలపడం కూడా తప్పే. నిజంగా నడుము దెబ్బతిని, సరైన వైద్య పత్రాలు చూపలేకపోయినవారూ వాటిలో ఉంటారు.