పోటుకూ ఆటుకూ మధ్య ఉన్నది ఖాళీ జాగా కాదు

అమావాస్యకో పౌర్ణమికో, నీళ్లు బాగా వెనక్కి తగ్గే వేళ చూసుకుని విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదికి దిగి చూడండి. చెప్పులు విప్పితే కాళ్లు గీరుకుపోతాయి. రాయికి అంటుకుని సున్నపు బొడిపెల్లా కనిపించేవి బార్నకిల్స్, పీతలకూ రొయ్యలకూ చుట్టాలు. నీళ్లు పోగానే పైన పలకలు మూసేసుకుని, ఉన్న కాస్త తడినీ లోపల దాచుకుని, మళ్లీ పోటు వచ్చేదాకా ఆ ఎండలో అలాగే ఉంటాయి. నీళ్లు తాకగానే పలకలు తెరుచుకుంటాయి, ఈకల్లాంటి కాళ్లు బయటికొచ్చి తిండిని ఒడిసిపడతాయి. ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు.

అవి ఎక్కడ పడితే అక్కడ బతకలేవు. స్కాట్లండ్ తీరంలో రెండు రకాల బార్నకిల్స్‌ను గమనించి జీవావరణ శాస్త్రవేత్త జోసెఫ్ కానెల్ 1961లో తేల్చిందేమిటంటే, పై రాళ్ల మీద ఉండే చిన్న రకం కిందికి దిగలేకపోవడానికి కారణం నీళ్లు కాదు, అక్కడ పెద్ద రకం దాన్ని నొక్కేసి, పెకలించేసి చోటు లాక్కుంటుంది. ఆ పెద్ద రకమేమో పైకొస్తే ఎండకు మాడిపోతుంది. పైన ఎండ, కింద పొరుగువాడు, మధ్యలో దొరికిన కాస్త పట్టీలోనే బతుకు.

చట్టం దీన్ని గుర్తించకపోలేదు. తీరం వెంబడి ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే కేంద్రం సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నోటిఫికేషన్, 2011లోనూ 2019లోనూ, ఈ పోటు ఆటుల మధ్య భాగాన్ని సీఆర్‌జెడ్ 1బీ అని విడిగా చూపించింది. కానీ మ్యాపులో గీత కదలదు, సముద్రం కదులుతుంది. నీటిమట్టం పెరిగే కొద్దీ ఈ జీవులుండే పట్టీ కూడా ఒడ్డు వైపు జరగాలి, అక్కడ మనం రోడ్డూ గోడా కట్టేసి ఉంటే ఎటు జరుగుతుంది? కింద నీళ్లు, పైన కాంక్రీటు, మధ్యలో పట్టీ సన్నబడిపోతుంది. నున్నటి గోడ మీద పగుళ్లుండవు, నీటి గుంటలుండవు, తడి నిలవదు, అందుకే రాతి మీద ఉన్నన్ని రకాలు దాని మీద పెరగవు.

ఆర్కే బీచ్ కోత విశాఖ వాళ్లకు కొత్త కాదు. తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకకు హార్బర్ గోడలు అడ్డం పడ్డాయి, దాంతో బీచ్‌కు చేరాల్సిన ఇసుక తగ్గింది. కోత పెరిగిన ప్రతిసారీ బండరాళ్లు పోయాలనో గోడ కట్టాలనో అంటారు. రోడ్డును కాపాడుకోవాలన్న టెన్షన్ నాకూ అర్థమవుతుంది, కానీ బీచ్ సుందరీకరణ పేరుతో కొత్తగా గీసే ప్రతి ప్లాన్‌లో పోటు గీత ఎక్కడుందో, దాని వెనక ఎంత జాగా వదిలారో ముందు చూపించమని అడగాలి.