ప్రయోగమైతే డబ్బెందుకు?

తిరుపతిలో మళ్లీ స్టెమ్‌సెల్ (మూలకణాల) శిబిరం పెట్టారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలను నడిపిస్తామని కరపత్రాలు పంచారు. పలమనేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి తల్లిదండ్రులను రప్పించి, లక్షల్లో బేరమాడారు. చేతిలో పెట్టిన రశీదులో మాత్రం ‘సంప్రదింపుల రుసుము’ అని రాసి ఊరుకున్నారు.

మేము అడిగేది ఒక్కటే. ఇది ప్రయోగమైతే డబ్బెందుకు? వైద్యమైతే అనుమతి ఏది? రక్తవ్యాధుల వంటి గుర్తించిన కొన్ని జబ్బులకు తప్ప మూలకణాలను ఆమోదిత ప్రయోగం, అంటే క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలని, అందులో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్ ఏదైనా జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందేనన్న నిబంధన 2009 నుంచే ఉంది.

తల్లిదండ్రుల ఆశను అడ్డుకోవద్దని, విదేశాల్లోనూ పరిశోధనలు సాగుతున్నాయని నిర్వాహకులు అంటున్నారు. సాగుతున్న మాట నిజమే. సాగుతున్నాయంటే ఇంకా తేలలేదనే కదా! తేలనిదానికి లక్షలు ఎలా వసూలు చేస్తారు?

సెరిబ్రల్ పాల్సీ అంటే కాన్పుకు ముందో, కాన్పులోనో, తొలి నాళ్లలోనో పసి మెదడుకు తగిలిన దెబ్బ. మెదడులో ఆ దెబ్బ ముదరదు, మాయమూ కాదు. కండరాల బిగువు, తుంటి కీలు జారడం మాత్రం పట్టించుకోకపోతే ఏటేటా ముదురుతాయి. చేయగలిగిన వైద్యమంతా అక్కడే ఉంది: ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, బిగువు తగ్గించే బాక్లోఫెన్ మాత్రలు, తుంటికి క్రమం తప్పని ఎక్స్‌రేలు, అవసరమైతే శస్త్రచికిత్స. కండరాన్ని సడలించే బొటాక్స్ సూది పనిచేసేది మూడు నాలుగు నెలలు. ఆలోగా రోజూ కాలు సాగదీసే వ్యాయామం చేయించకపోతే ఆ సూది దండగే. కొలతిచ్చి చేయించిన, కాలికి కట్టే స్ప్లింట్ కూడా పిల్లవాడు ఎదిగేకొద్దీ ఇరుకైపోతుంది. పట్టీ కింద చీలమండ ఎర్రగా కమిలిపోతుంది. కొత్తదాని కోసం అమ్మ వాణ్ణి చంకనెత్తుకుని మళ్లీ బస్సెక్కాలి. ఇదంతా ఏళ్ల తరబడి సాగే చాకిరీ. ఆ అలసటనే శిబిరాలవాళ్లు సొమ్ము చేసుకుంటున్నారు. మూలకణాల సూదితో పాటు ఫిజియోథెరపీ కూడా చేయించి, వ్యాయామంతో వచ్చిన మార్పును ఆ సూది ఖాతాలో వేసుకుంటున్నారు.

ఇదే ఊళ్లో వికలాంగులకు వైద్యం చేసే టీటీడీ బర్డ్ ఆస్పత్రి ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా థెరపీ ఖర్చులకూ వర్తించే కేంద్ర బీమా, నిరామయ ఉంది. వీటి గురించి ఆ తల్లులకు ఊళ్లోకి వెళ్లి చెప్పాల్సినవాళ్లు చెప్పరు. కరపత్రం మాత్రం గడప దాకా వస్తోంది.

ఇప్పుడు వదిలేస్తే రేపు ఆటిజానికి, ఎల్లుండి పక్షవాతానికి ఇక్కడే శిబిరాలు వెలుస్తాయి. అప్పుడూ ఇదే అడగాలి: ప్రయోగమైతే డబ్బెందుకు, వైద్యమైతే అనుమతి ఏది?

ఫిర్యాదు వస్తే చూస్తామని అధికారులు అంటున్నారు. ఎవరు చేయాలి ఫిర్యాదు? నగలు కుదవపెట్టి వచ్చిన తల్లా? కరపత్రం మీదే ఫోన్ నంబరు ఉంది. ఆ నంబరుకు ఫోన్ చేసి ట్రయల్ రిజిస్ట్రేషన్ వివరం అడగండి. ఆ ఒక్క ఫోనుకు కూడా ఎవరో ఫిర్యాదు చేయాల్సి వస్తే, మీరు ఆ కుర్చీల్లో కూర్చున్నది దేనికి?