ఆగడం తెలియని కణాలు, ఆపే చిన్న ఆర్ఎన్ఏలు

క్యాన్సర్ అనగానే కణాలు విపరీతంగా పెరిగిపోవడం గురించే మాట్లాడుకుంటాం గానీ, అవి ఆగాల్సిన టైమ్‌కి ఎందుకు ఆగలేదు అని పెద్దగా అడగం. ఫ్రాంక్ స్లాక్ అనే మాలిక్యులర్ బయాలజిస్ట్ పని నాకు అంత ఇష్టం కావడానికి కారణం ఇదే, ఆయన పనంతా ఈ ఆగడం చుట్టూనే తిరుగుతుంది.

కథ మొదలైంది సి. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగు దగ్గర. 1993లో విక్టర్ ఆంబ్రోస్ ల్యాబ్ ఈ పురుగులో లిన్-4 అనే జన్యువు ప్రోటీన్ ఏమీ తయారుచెయ్యట్లేదని, 22 అక్షరాల (అంటే గొలుసులో 22 లింకులున్న) చిన్న ఆర్ఎన్ఏ ముక్క ఒక్కటే ఇస్తోందని చూపించింది, ఆ ముక్క లిన్-14 అనే ఇంకో జన్యువు మెసెంజర్ ఆర్ఎన్ఏకి (ప్రోటీన్ ఎలా తయారుచెయ్యాలో జన్యువు నుంచి కబురు మోసే దానికి) అతుక్కుని ప్రోటీన్ తయారవకుండా అడ్డుకుంటోందని అదే ఏడాది గ్యారీ రవ్‌కున్ ల్యాబ్ కూడా తేల్చింది. ఇలాంటి చిన్న ముక్కలనే మైక్రో ఆర్ఎన్ఏలు అంటారు, ఈ ఇద్దరికే 2024లో నోబెల్ వచ్చింది. కానీ అప్పట్లో ఇదేదో పురుగుల్లో ఉండే వింత అనుకుని చాలామంది వదిలేశారు. 2000లో రవ్‌కున్ ల్యాబ్‌లో లెట్-7 అనే రెండోది బయటపడింది, అది దొరికినప్పుడు పనిచేసిన టీమ్‌లో స్లాక్ ఉన్నారు, ఆ లెట్-7 మనుషుల్లో కూడా ఉందని అదే ఏడాది తెలిసేసరికి అందరి చూపూ ఇటు తిరిగింది.

లెట్-7 పనిచెయ్యని పురుగులో ఏం జరుగుతుందంటే, పెద్దయ్యే దశకి రాగానే విభజన ఆపేసి కుదురుకోవాల్సిన చర్మ కణాలు కొన్ని, ఆ కబురే అందనట్టు మళ్లీ మళ్లీ విడిపోతూ ఉంటాయి. ఇది చదివితే ఎవరికైనా క్యాన్సరే గుర్తొస్తుంది. స్లాక్ యేల్ యూనివర్సిటీలో ఉండగా 2005లో ఆయన గ్రూప్ లెట్-7 అణిచిపెట్టేవాటిలో రాస్ జన్యువు ఉందని చూపించింది, రాస్ అంటే కణాన్ని పెరుగు పెరుగు అని తోసే జన్యువు. ఊపిరితిత్తుల ట్యూమర్లలో చూస్తే లెట్-7 తక్కువ, రాస్ ప్రోటీన్ ఎక్కువ. అంతకుముందు 2002లోనే కార్లో క్రోచే గ్రూప్ ఒక రకం లుకేమియాలో (రక్త క్యాన్సర్‌లో) మిర్-15, మిర్-16 అనే మైక్రో ఆర్ఎన్ఏలు ఉన్న డీఎన్ఏ ముక్కే ఊడిపోతోందని చెప్పింది.

2010లో స్లాక్ గ్రూప్ ఎలుకల్లో మిర్-21 అనే ఇంకో మైక్రో ఆర్ఎన్ఏ ఎక్కువ తయారయ్యేలా చేస్తే లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది, దాన్ని ఆపేస్తే కొన్ని రోజుల్లోనే ట్యూమర్లు కరిగిపోయాయి. ఒక్క చిన్న ఆర్ఎన్ఏ మీద ట్యూమర్ అంతగా ఆధారపడుతుందని చూశాక, ఇక మందు వచ్చేసినట్టే అని ఆశపడటంలో తప్పు లేదు.

కానీ రాలేదు. ట్యూమర్లని అణిచే మిర్-34ని కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చే ఎంఆర్ఎక్స్34 అనే మందు ట్రయల్ 2013లో మొదలైంది, 85 మంది పేషెంట్లు చేరారు, ముగ్గురిలో ట్యూమర్ కొంతమేర తగ్గింది కూడా, అయితే ఇమ్యూన్ సిస్టమ్ తీవ్రంగా తిరగబడి నలుగురు చనిపోయారు, 2016లో ట్రయల్ ఆపేశారు. వేరే మందులేవీ పనిచెయ్యక చివరి ఆశగా ఇలాంటి ట్రయల్‌లో చేరే మనుషులు వాళ్లు, అది మర్చిపోయి ఒట్టి సైన్స్ లాగా మాట్లాడటం నాకు చేతకాదు.

నా ఉద్దేశంలో చిక్కు ఎక్కడుందంటే, మైక్రో ఆర్ఎన్ఏ టార్గెట్‌ని గుర్తుపట్టడానికి ముఖ్యంగా వాడేది ఏడెనిమిది అక్షరాలే, అంత చిన్న వరసకి జత వందల జన్యువుల్లో దొరుకుతుంది. క్యాన్సర్ పది దారుల్లో పెరుగుతుంది కాబట్టి పదింటినీ ఒకేసారి మూసే మందు ఇదే అని దీన్ని గొప్పగా చెప్తారు, నిజమే, కానీ ఆ మందు ట్యూమర్‌కి మాత్రమే వెళ్తుందా, రక్తంలోని కణాల్లో, కాలేయంలో దూరితే అక్కడా వందల జన్యువులు కదులుతాయి కదా. సరిగ్గా కావాల్సిన కణానికి చేర్చే దారి దొరికేదాకా మందు కంటే, రక్తంలో మైక్రో ఆర్ఎన్ఏలని కొలిచి క్యాన్సర్‌ని పట్టే టెస్టుల మీదే ముందు గట్టిగా పనిచెయ్యాలి అంటాను నేను.

అయితే టెస్టుల్లో కూడా అన్నీ ఒకటి కాదు. మిర్-21 చాలా క్యాన్సర్లలో పెరుగుతుంది, మామూలు వాపు ఉన్నా పెరుగుతుంది, మరి అది ఎక్కువుంటే ఏమని చెప్పాలి? శాంపిల్ తీసేటప్పుడు ఎర్ర రక్తకణాలు కొన్ని పగిలినా వాటిలోని మిర్-16, మిర్-451 కలిసిపోయి లెక్క మారిపోతుంది. ఒక్క రక్తపు చుక్కతో అన్ని క్యాన్సర్లూ పట్టేస్తాం అనే మాట వింటే ముందు ఈ రెండు విషయాలు అడగాలి.

నిజంగా పనిచేస్తున్నది వృషణాల క్యాన్సర్ టెస్ట్. మిర్-371 అనేది పిండ దశ కణాల్లో తయారయ్యేది, పెద్దవాళ్ల రక్తంలో దాదాపు ఉండదు, కాబట్టి కనిపించిందంటే ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించొచ్చు. 2019లో వచ్చిన పెద్ద స్టడీలో ఈ టెస్ట్ 90 శాతం కేసుల్ని పట్టుకుంది, జబ్బు లేనివాళ్లలో 94 శాతం మందికి లేదనే సరిగ్గా చెప్పింది. టెరటోమా అనే రకం మాత్రం దీనికి అందదు, ఎందుకంటే ఆ కణాలు మిర్-371ని తయారుచెయ్యవు, అందుకే ఈ టెస్ట్ వచ్చినా స్కాన్లు మానెయ్యడం కుదరదు.