వ్యోమనౌకలో మందుల షాపు లేకపోవడం వల్ల

సైన్సు సినిమాల్లో మనుషులు ఎందుకంత తెలివితక్కువ పనులు చేస్తారన్న ప్రశ్నను కర్నూలులో, మే నెలలో, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం నేను తేల్చేశాను. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్లకు గాబరా. ఆ గాబరాకు డాక్టరు దగ్గరికి పోకుండా ఎవరి వైద్యం వాళ్లే చేసుకుంటున్నారు.

ఇది చెప్పడానికి నీ అర్హత ఏమిటని అడగవచ్చు. ఇరవై ఏళ్లుగా నా గుండెదడకు వైద్యుణ్ని నేనే. మా వీధి చివర మందుల షాపులో కౌంటరు మీద చెయ్యి పెట్టి "అన్నా, గ్యాస్" అంటే చాలు, మిగతా రోగనిర్ధారణ ఆ అన్న వేళ్లే చేసుకుంటాయి.

1979 నాటి 'ఏలియన్' తీసుకోండి. పరాయి నేల మీద గుడ్డులోకి తొంగిచూసిన కేన్ అనే ఆసామి ముఖానికి ఒక జంతువు అతుక్కుంటుంది. అది ఊడిపడ్డాక లేచి, ఆకలేస్తోందని అందరితో కూర్చుని భోంచేస్తూ, ఉన్నట్టుండి బల్ల మీద వెల్లకిలా పడి గిలగిల కొట్టుకుంటాడు. తోటివాళ్లకు ఏం చెయ్యాలో పాలుపోదు. ఇదే మా ఊళ్లో ఏ పెళ్లిపందిట్లోనో జరిగితే పదిమంది ఒక్కసారిగా "గ్యాస్! సోడా పట్టండి" అనేవారు. ఛాతీ చీల్చుకుని ఆ పిల్లజంతువు బయటికొచ్చినా "చూశారా, గ్యాస్ పోయింది" అనే బాబాయి ఒకడు ఉండి తీరతాడు. మా బాబాయే అలా మూడు రోజులు సోడా తాగాడు. నాలుగో రోజు స్టెంటు వేశారు. ఆ స్టెంటు గ్యాసుకే వేశారని ఆయన ఇప్పటికీ నమ్ముతాడు.

1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో వ్యోమనౌకను నడిపే హాల్ అనే కంప్యూటర్‌ది ఇంకా జాలి కథ. ప్రయాణం అసలు ఉద్దేశం దానికి తెలుసు, నౌకలో మెలకువగా ఉన్న ఇద్దరు వ్యోమగాములకూ చెప్పకూడదు. కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన పెళ్లిసంబంధం సంగతి కడుపులో దాచుకుని చుట్టాల మధ్య తిరిగినవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది. ఫలానా పరికరం 72 గంటల్లో పాడవుతుందని అది చెబుతుంది. తీసి చూస్తే దానికే రోగమూ లేదు. మనమైతే అనుమానం తీరేదాకా రెండు ఊళ్లలో మూడు స్కానింగులు తీయించుకునేవాళ్లం. హాల్‌కు ఆ వసతి లేక మనుషుల్ని చంపింది.

1999 నాటి 'మేట్రిక్స్'లో నల్లకళ్లద్దాల మనిషి ఒక అరచేతిలో ఎర్రమాత్ర, ఇంకోదాంట్లో నీలంమాత్ర పెట్టి చాపగానే హీరో నియో ఎర్రదాన్ని మింగేస్తాడు. గడువు తేదీ చూడడు. తిన్నాకా, తినకముందా అని కూడా అడగడు. మా అవ్వయినా అడుగుతుంది.

'ఈక్విలిబ్రియం' 2002లో వచ్చింది. అందులో ఏ భావమూ కలగకుండా ఊరంతా వేళకు ప్రోజియం సూది పొడుచుకుంటుంది. హీరో చేతిలోంచి సీసా జారి పగులుతుంది, మోతాదు తప్పుతుంది. ఇక సూర్యోదయం చూసి కదిలిపోతాడు, సంగీతం విని కన్నీళ్లు పెడతాడు. సినిమా దాన్ని స్వేచ్ఛ అంటుంది. రోజూ వేసుకునే నిద్రమాత్రను ఒక్కసారిగా మానేసినవాళ్లను అడగండి. చెమటలు, వణుకు, రాత్రంతా జాగారం, వంటనూనె ప్రకటనకు కూడా ఏడుపు. అది స్వేచ్ఛ అని మాత్రం ఎవరూ అనలేదు.

ఇక 2010 నాటి 'రోబో'లో శాస్త్రవేత్త, సైన్యం ముందు పరువు తీసిన మరమనిషిని గొడ్డలితో ముక్కలు చేసి మనసు తేలిక చేసుకుంటాడు. మా సీమ కథల్లో గొడ్డలి పడితే ఫ్యాక్షన్, ఆయన పడితే విజ్ఞానం.

ఈ సిద్ధాంతం పూర్తిచేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి షాపుకు పోయి గాబరా తగ్గించే అల్ప్రాజోలం మాత్ర అడిగాను. అన్న లేడు, కొత్త కుర్రాడున్నాడు. చీటీ ఉందా అన్నాడు.

"అది షెడ్యూల్ హెచ్1 మందు సార్. రాసిన డాక్టరు పేరు, మీ పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి."

ఇరవై ఏళ్ల అనుభవానికి ఇదీ మర్యాద! "నా గాబరా సంగతి నాకు తెలియదా?" అన్నాను.

"అదేదో పెద్దాసుపత్రిలో చెప్పండి సార్. పొద్దునే ఓపీ ఉంటుంది."

నా ముఖం చూసి జాలిపడి రెండు రకాల గ్యాస్ మాత్రలు తీసి కౌంటరు మీద పెట్టాడు. నేను కళ్లద్దాలు సర్దుకుని, గొంతు తగ్గించి, "ఎర్రవా, నీలంవా?" అని అడిగాను.

"ఏవైనా పరగడుపునే సార్" అన్నాడు.