చీటీ రోగికి, మరి ఇంటివాళ్లకు?

స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చిన మనిషి ఆస్పత్రిలో ఉండేది కొన్ని వారాలే. మిగతా జీవితమంతా ఇంట్లోనే. పొద్దున్నే మాత్ర గుర్తుచేసి వేయించేది అమ్మ. అర్ధరాత్రి కొడుకు గదిలో పచార్లు చేస్తుంటే పక్క గదిలో నిద్రపట్టక పడుకునేది నాన్న. అన్న మళ్లీ మందు మానేశాడని అందరికంటే ముందు కనిపెట్టేది చెల్లెలు. మన దేశంలో మానసిక వైద్యం బరువంతా మోస్తున్నది ఇలాంటి ఇళ్లే. డాక్టర్ దగ్గర నుంచి వాళ్లకు అందేది మాత్రం ఒక మందుల చీటీ, ‘నెల తర్వాత రండి’ అనే మాట. ఆ నెల రోజులూ ఇంట్లో ఎలా మెలగాలో, దేనికి భయపడాలో, దేనికి భయపడనక్కర్లేదో చెప్పేవాళ్లు ఉండరు.

ఇందుకు డాక్టర్లను తిట్టి లాభం లేదు. రద్దీగా ఉన్న ప్రభుత్వ ఓపీలో ఒక్కో రోగికి దొరికేది కొన్ని నిమిషాలు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదనీ తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. ఉన్నా లెక్క పెద్దగా మారేది కాదనే నా నమ్మకం. వైద్యం అందని ఈ కోట్ల మందికి అన్నం పెడుతున్నదీ, కాపలా కాస్తున్నదీ కుటుంబాలే. షుగర్ వచ్చిందని తెలిస్తే ఇల్లంతా తిండి మార్చుకోవడం నేర్చుకుంటుంది, కాలి పుండును రోజూ చూసుకోవడం నేర్చుకుంటుంది. మనసు జబ్బుకు ఆ నేర్చుకోవడం ఎక్కడ?

కుటుంబం ప్రవర్తనకూ జబ్బు తిరగబెట్టడానికీ సంబంధం ఉందని మొదట గుర్తించినవాళ్లలో బ్రిటన్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్ ముఖ్యుడు. 1950లలో లండన్‌లో ఆస్పత్రి నుంచి ఇళ్లకు వెళ్లిన స్కిజోఫ్రేనియా రోగులను ఆయన బృందం గమనించింది. తల్లిదండ్రుల దగ్గరికో, భార్య లేక భర్త దగ్గరికో వెళ్లినవాళ్లలో చాలామంది మళ్లీ ఆస్పత్రికి వచ్చారు. అద్దె గదుల్లోనో, తోబుట్టువుల దగ్గరో ఉన్నవాళ్లు అంతగా రాలేదు. ప్రేమించే ఇల్లే ఎందుకు చేటు చేస్తోంది? తర్వాతి పరిశోధనలు దీనికి జవాబు చెప్పాయి. ఎడతెగని విమర్శ, విసుగుతో కూడిన ద్వేషం, ఊపిరాడనివ్వనంత అతి శ్రద్ధ ఈ మూడూ ఎక్కువగా ఉన్న ఇళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెడుతుంది.

1980లలో ఇదే పరిశీలన చండీగఢ్‌లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ జరిగింది. లండన్‌తో పోలిస్తే ఇక్కడి కుటుంబాల్లో విమర్శ చాలా తక్కువగా కనిపించింది. పల్లెల్లో మరీ తక్కువ. రోగులూ మెరుగ్గా ఉన్నారు. మన కుటుంబ వ్యవస్థ గొప్పదని మురిసిపోవడానికి దీన్ని వాడుకునేవాళ్లున్నారు. అది తొందరపాటు. అప్పటి పల్లెటూరి ఇంట్లో రోగిని చూసుకోవడానికి పది చేతులుండేవి. అతనికి చేతనైన పని పొలంలోనో, పశువుల దగ్గరో ఏదో ఒకటి దొరికేది. ఇప్పుడు విజయవాడలోనో, కరీంనగర్‌లోనో రెండు గదుల ఇంట్లో అరవై దాటిన తల్లీ తండ్రీ, ముప్పై ఏళ్ల కొడుకు. పెద్ద కొడుకు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు, డబ్బు పంపిస్తాడు. ఆ ఇంట్లో విసుగు పుట్టకుండా ఎలా ఉంటుంది? విసుగు వాళ్ల తప్పు కాదు. దాన్ని ఎలా మోయాలో నేర్పకుండా వదిలేయడం మనందరి తప్పు.

ఒక్క ఉదాహరణ చాలు. స్కిజోఫ్రేనియాలో చెవిలో మాటలు వినిపించడం, ఎవరో తనను చంపడానికి చూస్తున్నారనిపించడం అందరికీ తెలిసిన లక్షణాలు. మందులతో ఇవి చాలామందికి తగ్గుతాయి. తగ్గాక మిగిలేది మరొకటి ఉంది. మనిషి స్నానం చేయడు, మాట్లాడడు, పొద్దెక్కేదాకా లేవడు, దేని మీదా ఆసక్తి చూపడు. ఇది కూడా జబ్బులో భాగమే. మందులు దీని మీద అంతగా పనిచేయవు, పైగా కొన్ని మందులు మత్తును పెంచుతాయి కూడా. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి తెలియదు. వాళ్లకు కనిపించేది బద్ధకం. ‘తిని కూర్చుంటున్నావు, నీ ఈడువాళ్లు ఎక్కడున్నారో చూడు’ అనే మాట రోజూ వినపడుతుంది. బ్రౌన్ కొలిచిన విమర్శ ఇదే. దీనికి వ్యతిరేక కొస కూడా ఉంది. ముప్పై ఏళ్లవాడికి అన్నం కలిపి నోట్లో పెట్టే తల్లి, ఒక్క పనీ చేయనివ్వని తల్లి. ఆమె ప్రేమను ఎవరూ శంకించలేరు. కానీ తన పని తాను చేసుకునే శక్తి అతనిలో అలాగే సన్నగిల్లిపోతుంది. రోజుకు ఒక చిన్న పని అప్పజెప్పి, అది చేస్తే మెచ్చుకుని, చేయకపోతే ఊరుకోవడం వినడానికి చాలా సులువు. ఎవరూ నేర్పకుండా, పక్కన తోడు లేకుండా అలా ఉండటం మాత్రం చాలా కష్టం.

నేర్పాల్సినవి ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. చెవిలో మాటలు వినిపిస్తున్నాయని అంటే ‘అదంతా అబద్ధం’ అని వాదనకు దిగకూడదు, నిజమేనని తలూపకూడదు. ‘నాకు వినిపించడం లేదు, కానీ నీకు భయంగా ఉందని అర్థమవుతోంది’ అంటే చాలు. నిద్ర తగ్గడం, అనుమానం పెరగడం, తిండి మానేయడం లాంటివి తిరగబెట్టే ముందు వచ్చే సూచనలు. ఒక్కో మనిషికీ అవి ఒక్కో తీరుగా ఉంటాయి, వాటిని ఇంటివాళ్లే ముందు పట్టుకోగలరు. అతి ఉత్సాహం, తీవ్రమైన దిగులు మారి మారి వచ్చే బైపోలార్ జబ్బుకు లిథియం అనే మందు వాడేవాళ్ల ఇంట్లో తెలిసి ఉండాల్సిన సంగతి మరొకటి ఉంది. మన మే నెల ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా, ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర కొని వేసుకున్నా రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరగొచ్చు. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, తూలడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఈ నాలుగు మాటలు తెలియక ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎంత అన్యాయం! మందు తీసుకోనంటే చెప్పకుండా కూరలో కలిపి పెట్టే ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. వాళ్లను నిందించే ముందు నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయని వాళ్లకు ఎవరైనా చెప్పారా అని అడగాలి. దొంగచాటుగా కలిపిన సంగతి బయటపడిన రోజున ‘నాకు విషం పెడుతున్నారు’ అన్న అనుమానానికి అతనికి రుజువు దొరికినట్టవుతుంది.

ఇదంతా విదేశాల నుంచి దిగుమతి చేసుకోవాల్సిన ఆలోచన అనుకుంటే పొరపాటు. కుటుంబాన్ని వైద్యంలో భాగం చేసిన మొదటి ప్రయోగాల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు వాళ్ల బంధువులనూ అక్కడే ఉంచాడు. ఆస్పత్రి కిక్కిరిసి ఉంది, సిబ్బంది చాలరు. ఆ లోటునే ఆయన అవకాశంగా మలచుకున్నాడు. బంధువులను కూర్చోబెట్టి జబ్బు గురించి వాళ్ల భాషలో మాట్లాడేవాడు. రోగి కోలుకోవడం కళ్లారా చూసినవాళ్లు ఇంటికి వెళ్లాక అతన్ని వదిలేయలేదు, ఊళ్లో మరొకరికి జబ్బు వస్తే దారి చూపించారు. తర్వాత వేలూరు సీఎంసీ ఆస్పత్రి, బెంగళూరు నిమ్‌హాన్స్ కూడా కుటుంబంతో కలిసి ఉండే పద్ధతిని అనుసరించాయి. కుటుంబానికి పద్ధతిగా నేర్పిస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని ఆ తర్వాత అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలు తేల్చాయి. ఇంత తెలిసీ మన జిల్లా ఆస్పత్రుల్లో అది మామూలు వైద్యంలో భాగం కాలేదు. కారణం నాకు ఒక్కటే కనిపిస్తుంది. మందు కొంటే బిల్లు ఉంటుంది, పడకకు లెక్క ఉంటుంది. ఒక తల్లితో గంట సేపు మాట్లాడితే ఏ పద్దులో రాయాలో మన వ్యవస్థకు తెలియదు.

అమెరికాలో ఈ పనిని కుటుంబాలే తలకెత్తుకున్నాయి. 1979లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో పిల్లలకు జబ్బు వచ్చిన తల్లిదండ్రులు కలిసి మొదలుపెట్టిన ‘నామి’ అనే సంఘం ఇవాళ దేశమంతా విస్తరించింది. వాళ్లు ఉచితంగా నడిపే తరగతుల్లో పాఠం చెప్పేది డాక్టర్ కాదు. అదే బాధ పడి నిలదొక్కుకున్న మరో తల్లి, మరో భర్త, మరో అన్న. బెంగళూరులో 1990లలో నిర్మలా శ్రీనివాసన్ చొరవతో ‘ఆమెండ్’ అనే కుటుంబాల సంఘం ఇదే దారిలో మొదలైంది. చెన్నైలో 1984లో డాక్టర్ శారదా మీనన్ నెలకొల్పిన ‘స్కార్ఫ్’ సంస్థ కుటుంబాలతో దశాబ్దాలుగా పనిచేస్తోంది. డాక్టర్ చెబితే అర్థమవుతుంది. అనుభవించినవాళ్లు చెబితే ధైర్యం వస్తుంది. ‘మా ఇంట్లోనూ ఇంతే’ అన్న మాట విన్నప్పుడు దిగే టెన్షన్ ఏ మాత్రతోనూ దిగదు.

మనకు ఆశా కార్యకర్తలున్నారు, అంగన్‌వాడీలున్నాయి, ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి. పశ్చిమగోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ చేపట్టిన ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలే ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్లను గుర్తించారు, పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి చేర్చారు. జబ్బు మీద ఉన్న చులకన పోగొట్టడానికి నాటకాల దాకా ఊళ్లలోకి తీసుకెళ్లారు. శిక్షణ ఇస్తే మన ఊళ్లో మనుషులే ఈ పని చేయగలరని తేలిపోయింది. అయితే తీవ్రమైన జబ్బు ఉన్న ఇంటికి ఇంకొంచెం కావాలి. డ్వాక్రా సమావేశంలో అప్పుల లెక్క గంట నడుస్తుంది, ఇంట్లో జబ్బు మనిషి ఉన్న సభ్యురాలు ఎందుకు రావడం మానేసిందని అడిగేవాళ్లు తక్కువ. ఆమె ఇల్లు విడిచి రాలేక మానేసింది. వారానికి ఒక పూట ఎవరైనా ఆ ఇంట్లో కూర్చుంటే ఆమె బయటికి రాగలదు. దీనికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు.

చెప్పేవాళ్లు లేని చోట ‘పెళ్లి చేస్తే తగ్గిపోతుంది’ అనే సలహా రాజ్యమేలుతుంది. జబ్బు దాచి చేసిన పెళ్లి మూడు బతుకులను ముంచుతుంది. కొత్త ఇల్లు, తెగిన నిద్ర, ఎవరికీ తెలియకూడదని మానేసిన మందులు కలిసి జబ్బును తిరగబెట్టిస్తాయి. హిందూ వివాహ చట్టం 1955 ప్రకారం తీవ్ర మానసిక జబ్బు విడాకులకు కారణం కాగలదు. అమ్మాయి అయితే పుట్టింటికి తిరిగొస్తుంది, ముసలి తల్లిదండ్రులే మళ్లీ దిక్కు. అబ్బాయి అయితే జీతం లేని నర్సుగా ఒక కోడలు ఇంట్లోకి వస్తుంది. జబ్బు ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదని కాదు. చెప్పి చేసుకుని, మందు మానకుండా చక్కగా కాపురం చేస్తున్నవాళ్లున్నారు.

చెప్పేవాళ్లు లేకపోతే జరిగే మరో ఘోరం గొలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు షెడ్డు తగలబడితే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. వాళ్లను అక్కడ దింపి వచ్చింది ఎక్కువగా ఏం చేయాలో పాలుపోని కుటుంబాలే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. నిషేధం మంచిదే. గొలుసు విప్పిన రాత్రి ఆ ఇంటికి ఎవరు తోడుండాలో మాత్రం గ్రామంలో ఎవరికీ తెలియదు. దర్గాకో గుడికో వెళ్లేవాళ్లను వెక్కిరించడం వల్ల ఒరిగేదేమీ లేదు. గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో దర్గా సేవకులైన ముజావర్లకే శిక్షణ ఇచ్చి, ప్రార్థనతో పాటు మందూ అందేలా ఏర్పాటు చేశారు. ఆ తీరు మన రాష్ట్రాలకూ చక్కగా సరిపోతుంది.

ప్రభుత్వం ఇప్పటికే ఇస్తున్నవాటి గురించి కూడా చాలా ఇళ్లకు తెలియదు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు రోగి మాత్రమే కాదు, ఇంట్లోవాళ్లూ ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద మానసిక జబ్బుకూ వైకల్య సర్టిఫికెట్ వస్తుంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. తెలంగాణ 2023లో వికలాంగుల పింఛనును 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 2024లో 6,000కు పెంచాయి. కాలో చెయ్యో లేనివాళ్లకు వైకల్యం ఎదురుగా కనిపిస్తుంది. శుభ్రంగా కూర్చుని ఉన్న కుర్రాణ్ని చూసి ‘వీడికేమైంది’ అంటారు. తల్లి నోరు తెరిచి చెప్పుకోలేక వెనక్కి వచ్చేస్తుంది. పక్కన ఒక మనిషి, దరఖాస్తు ఎలా పెట్టాలో తెలిసిన మరో తల్లి ఉంటే కథ వేరేలా ఉంటుంది.

అన్నిటికంటే బరువైన ప్రశ్న ఒకటి ఈ ఇళ్లన్నిటిలోనూ ఉంది. మా తర్వాత వీణ్ని ఎవరు చూస్తారు? ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్నవాళ్లకు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయిలోనే సంరక్షకుణ్ని నియమించే కమిటీ ఉంది. మానసిక జబ్బు ఆ జాబితాలో లేదు. ఆస్తి చూసుకునే సంరక్షకుణ్ని కోర్టు ద్వారా నియమించే వీలు 1987 మానసిక ఆరోగ్య చట్టంలో ఉండేది, 2017 చట్టంలో అది లేదు. 2016 చట్టంలో ఉన్నది పరిమిత సంరక్షకత్వం మాత్రమే, అంటే ఫలానా నిర్ణయానికి, కొంత కాలానికి, రోగితో కలిసి నిర్ణయం తీసుకునే ఏర్పాటు. రోగి హక్కులను కేంద్రంగా పెట్టుకుని రాసిన 2017 చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పూర్వం సంరక్షకత్వం పేరుతో ఆస్తులు కాజేసిన బంధువులు లేకపోలేదు. కానీ నిజాయతీగా బెంగపడుతున్న తల్లిదండ్రులు హైకోర్టు మెట్లు ఎక్కాల్సి రావడం సరి కాదు. పేదవాళ్లు అసలే ఎక్కలేరు.

ఇలాంటివి ఒంటరి కుటుంబం అడిగితే వినపడదు, సంఘంగా అడగాలి. సైకియాట్రీ ఓపీ ఉన్న రోజున ప్రతి జిల్లా ఆస్పత్రీ ఒక గది, ఇరవై కుర్చీలు, రెండు గంటల సమయం కేటాయిస్తే ఆ సంఘానికి తొలి సమావేశం అక్కడే జరుగుతుంది. మొదటి గంట జబ్బు గురించి, మందుల గురించి. రెండో గంటలో కలెక్టర్‌కు అర్జీ రాసుకోవచ్చు. అందులో మూడు కోరికలు చాలు: మందులు నెలనెలా ఆగకుండా రావాలి, మండలానికో సర్టిఫికెట్ క్యాంపు పెట్టాలి, సంరక్షకుడి నియామకం జిల్లాలోనే జరగాలి.